అరువు గొంతు

మబ్బు కదలలేదు. ఉదయం నుంచి అది పిలవని చుట్టంలా కొండకొమ్ము మీద కూర్చునే ఉంది. దాని వెనక ఎక్కడో సూర్యుడున్నాడని కెమెరామన్ ఒగిసో గారు నల్లద్దం కంటికి ఆనించుకుని చెబుతున్నాడు. ఉన్నాడు, ఉన్నాడు, ఇంకాసేపట్లో చీలుతుంది అంటున్నాడు. ఒదీల్ మడతకుర్చీలో కూర్చుని వినీ విననట్టు తల ఊపింది. చీలకపోతే బాగుండునని ఆమెకు లోపల్లోపల ఉంది. ఇంతమంది పనివాళ్ళు చలిలో చేతులు రుద్దుకుంటూ ఎండ కోసం ఎదురుచూస్తుంటే, డైరెక్టరు ఒక్కతే ఎండ రాకూడదని కోరుకోవడం ఏమిటి? ఎవరికైనా తెలిస్తే నవ్విపోతారు. కానీ ఎండ వచ్చిందంటే ఆమె ఒక మాట చెప్పాలి. రాతికట్ట చివర నిలబడే ముసలావిడ కెమెరా వైపు ముఖం తిప్పి మాట్లాడాలా, సముద్రం వైపు తిరిగి వీపు చూపించి ఊరుకోవాలా, ఆ ఒక్కటీ చెప్పాలి. ముఖం తిప్పితే పెదవులు కదులుతాయి. పెదవులు కదిలితే గొంతు కావాలి. ఆ వేషం వేస్తున్న హత్సుయె అక్కకు గొంతు లేదు.

కిందటేడాది డాక్టర్లు ఆ గొంతును కోసి తీసేశారు. మెడ కింద ఉన్న చిన్న రంధ్రం మీద ఎప్పుడూ బూడిదరంగు రుమాలు కట్టుకుని ఉంటుంది. ఇప్పుడు అదిగో, చేపల పెట్టె బోర్లించి దాని మీద కూర్చుంది, వేషంలోనే, చాయ పోయిన నూలు కిమోనోలో, మోకాళ్ళ మీద ఎవరిదో కోటు కప్పుకుని. బొగ్గుల కుంపటి పక్కన చేతులు చాపుకుని కూర్చున్న ఆవిడను చూస్తే ఈ ఊరి ముసలమ్మే అనుకుంటారు. ఊరివాళ్ళు పొద్దున అలాగే అనుకుని వలల గురించి ఏదో అడిగారట. ఆవిడ జవాబు చెప్పకపోతే గర్వం అనుకున్నారట. ఎవరికి తెలుస్తుంది? ఒకప్పుడు ఈ దేశంలో సినిమా హాలుకు వెళ్ళిన ప్రతివాళ్ళ చెవిలో ఆ గొంతు పడింది. ఒదీల్ గొంతు అని అందరూ అనుకున్నది ఆ గొంతే. ఒదీల్ తెర మీద నోరు తెరిచినప్పుడల్లా వినిపించింది హత్సుయె. ఒదీల్ ఏడిస్తే ఏడ్చింది, గొడుగు కింద నిలబడి నవ్వితే నవ్వింది, కత్తిపోటు తిని చచ్చిపోతే ఆఖరి ఊపిరి తీసింది. అన్ని సినిమాల్లోనూ ఆవిడ ముఖం ఒక్కసారి కూడా కనిపించలేదు. ఇవాళ కనిపిస్తుంది. ఇవాళ కనిపించకపోతే ఇక ఎప్పటికీ కనిపించదు, ఎందుకంటే రేపటి నుంచి మంచు అంటున్నారు, ఎల్లుండి ఆవిడ మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలి, ఆ వెళ్ళడం ఎలాంటి వెళ్ళడమో ఇద్దరికీ తెలుసు.

వీపు చూపిస్తే చాలు. చాలా తేలిక. అందంగా కూడా ఉంటుంది. ముసలి తల్లి వీపు, దాని ముందు సముద్రం, దూరంగా వస్తున్న పడవ, అందులో ఎన్నో ఏళ్ళకు తిరిగొస్తున్న కూతురు. మాట అక్కర్లేదు. పత్రికలవాళ్ళు మౌనం గొప్పది అని రాస్తారు. పారిస్‌లో అయితే మరీ రాస్తారు. జపాను వాళ్ళ మౌనం అంటే వాళ్ళకు ప్రాణం. ఆ మౌనం అమ్ముకునే కదా ఒదీల్ అక్కడ మొదటి వేషాలు సంపాదించింది. తండ్రి ఓడ ఇంజనీరు, ఫ్రాన్సులో నాంత్ రేవు వాడు. తల్లి మైజురు రేవు పిల్ల. కోబేలో పుట్టి, తొమ్మిదో ఏట ఓడెక్కి నాంత్ వెళ్ళి, ఆ ఊరి బళ్ళో ఆ ఊరి పిల్లల్లాగే తిట్లు నేర్చుకుని పెరిగిన పిల్ల పారిస్‌లో వేషం అడగడానికి వెళితే, వాళ్ళు ఆమె ముఖం చూసి మురిసిపోయారు, నోరు తెరవగానే డీలా పడిపోయారు. మీరు మాలాగే మాట్లాడుతున్నారే అన్నాడు ఒక డైరెక్టరు, మోసం చేసినట్టు చూస్తూ. కొంచెం విరిచి మాట్లాడండి, ముక్కలు ముక్కలుగా. ఆమె విరిచి మాట్లాడింది. అందరూ బాగుందన్నారు. ఇంటికి వచ్చి తల్లికి చెబితే, తల్లి ఉల్లిపాయలు తరుగుతూ, నేను ఇన్నేళ్ళుగా అలాగే మాట్లాడుతున్నాను, నాకెవరూ డబ్బులివ్వలేదే, అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తర్వాత ఆమె క్యోతో వెళ్ళిపోయింది, అమ్మ దేశంలో అయినా తిన్నగా మాట్లాడొచ్చని. క్యోతోలో తిన్నగానే మాట్లాడింది. అక్కడ వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఆమెది తొమ్మిదేళ్ళ పిల్ల భాష, అదీ రేవు భాష, పైగా గొంతు వెనక నుంచి గరగరమనే ర. ముఖం దేవతలా ఉంది కానీ నోరు విప్పితే పాలుతాగే పిల్లలా ఉందే అన్నాడు ఒకాయన, ఆమెకు అర్థం కాదనుకుని. పారిస్‌లో సరిగ్గా మాట్లాడితే తప్పయింది. క్యోతోలో తప్పుగా మాట్లాడుతుందని వేరే గొంతు పెట్టారు.

"డైరెక్టరు గారూ, చారు తాగండి. చేతులు వేడెక్కుతాయి."

అసిస్టెంటు కుగా గిన్నె తెచ్చి చేతిలో పెట్టాడు. చేపల సంఘం ఆడవాళ్ళు పెద్ద డేగిసాతో వచ్చి, అందరికీ చేపముక్కలు వేసిన పులిసిన సోయా చారు పోస్తున్నారు. వాళ్ళలో పెద్దావిడ తొమె గరిటె పట్టుకుని కుగాను నిలదీసింది.

"ఏం నాయనా, పొద్దుట్నుంచి చూస్తున్నాం. సినిమా తీయడమంటే కూర్చోవడమేనా?"

"ఎండ కోసం కాచుకుని ఉన్నాం పిన్నీ. ఇదీ పనే. దీనికీ కూలి ఉంది."

"అట్లనా! అయితే మా ఆయన పెళ్ళైనప్పటి నుంచీ సినిమాలే తీస్తున్నాడన్నమాట. ఆయన కూలి ఎవరికిచ్చారో కనుక్కో."

ఆడవాళ్ళందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంకొకావిడ మబ్బు వైపు చూసి, ఈ ఊళ్ళో అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకూడదమ్మా, అంది. ఒగిసో గారు నల్లద్దం తీయకుండానే, నేను రెండూ మరిచాను, మా ఆవిడ నన్ను కూడా మరిచింది, అన్నాడు. నవ్వు చల్లారాక చారు కూడా చల్లారింది. ఒదీల్ ఒక గుక్క తాగింది. ఉప్పు. హత్సుయె అక్క ఉప్పు గురించి ఏదో అనేది, ఏమిటది, ఎప్పుడన్నది? ముందు ఆ గది గుర్తొచ్చింది. స్టూడియో వెనక గొంతులు కలిపే గది. కిటికీలు లేవు, గోడలకు కంబళ్ళు, తెర మీద ఒకే రీలుముక్క తిరిగి తిరిగి వచ్చేది, అందులో తన ముఖం నోరు తెరిచేది, మూసేది, తెరిచేది, గట్టున పడ్డ చేపలా. చెప్పుల చప్పుడు మైకులో పడకుండా మేజోళ్ళతో నిలబడి ఒక పొట్టి మనిషి దాని వైపే చూస్తోంది. ఒదీల్ దెబ్బలాడటానికి వెళ్ళింది. తన నోట్లోంచి మాట ఎత్తుకుపోతున్నది ఎవరో చూసి, నాలుగు అనేసి రావాలని. వెళ్ళి తలుపు దగ్గర నిలబడితే ఆ పొట్టి మనిషి వెనక్కి తిరక్కుండానే అంది.

"తలుపెయ్యమ్మా దొరసానీ. చలిగాలి కొడితే గొంతు నాకు పోతుంది, పేరు నీకు పోతుంది."

ఎంత బాగుండేది ఆ గొంతు! బాగుండటం అంటే తియ్యగా ఉండటం కాదు. తడిసిన కట్టెలా ఉండేది. కాసేపు పొగ వచ్చి, ఆ తర్వాత మంట వచ్చేది. ఆ గొంతు విని ఒదీల్ దెబ్బలాట మరిచిపోయి గోడవార కూర్చుండిపోయింది. తన ముఖం అంత బాధపడగలదని ఆ గొంతు తగిలాకే ఆమెకు తెలిసింది.

ఆ రోజు కలుపుతున్న ముక్క వానముక్క. అందులో ఆమె పనిపిల్ల. చూరు కింద నిలబడి, అయ్యగారూ, వాన మొదలైంది, అనాలి, అంతే. గొంతు ఎలాగూ తర్వాత పెడతాం, నువ్వు ఊరికే పెదవులు కదుపు, అంకెలు లెక్కపెట్టుకో పో, అన్నాడు డైరెక్టరు. అక్కడ అందరూ అలాగే చేసేవాళ్ళు, మాట గుర్తు రాకపోతే ఒకటీ రెండూ మూడూ అనేవాళ్ళు. ఆ వారమే నాంత్ నుంచి తంతి వచ్చింది. అమ్మ పోయింది. వెళ్ళడానికి లేదు, సెట్టు వేసి ఉంది, గొట్టాల్లో నీళ్ళు నింపి వాన సిద్ధం చేసి ఉంచారు. ఆమె చూరు కింద నిలబడింది. అంకెలు లెక్కపెట్టలేదు. నాంత్ మాటలో, అమ్మా, రాలేకపోయాను, అమ్మా, కోప్పడకు, అంది. ఎవరు వింటారు? మైకు లేదు. వాన గొట్టాల మోత. డైరెక్టరు బాగుందన్నాడు. ఆ సంగతి భూమ్మీద ఎవరికీ తెలియదనుకుంది. హత్సుయె అక్క ఆ రీలుముక్కను ఆపించి, దీపం వెయ్యకుండానే, చీకట్లో అడిగింది.

"ఇవి అంకెలు కాదు. నేను పలకాల్సిన మాటకు పెదవులు ఒక్కసారి కలిస్తే చాలు. నీవి పదే పదే కలుస్తున్నాయి. ఎవరినో పిలిచావు. ఎవరిని?"

జపాను భాషలో అమ్మను పిలవాలంటే పెదవులు కలపనక్కర్లేదు. నాంత్ మాటలో పిలిచినప్పుడల్లా రెండుసార్లు కలుస్తాయి. ఒదీల్ చెప్పింది. తొమ్మిదేళ్ళ పిల్ల భాషలోనే చెప్పింది, అంతకంటే పెద్ద భాష ఆమెకు లేదు. హత్సుయె అక్క మళ్ళీ తెర వైపు తిరిగింది. రీలు వేయమంది. అయ్యగారూ, అని ఆగింది, పెదవులు కలిసిన చోటల్లా మాటను మింగింది, మింగి, వాన మొదలైంది, అంది. ఆ మింగిన చోటు గురించి పత్రికల్లో ఎంత రాశారో! ఇరవై రెండేళ్ళ పిల్లకు ఆ నిగ్రహం ఎక్కడిది అని రాశారు. ఆ ఏడాది బహుమతి వచ్చింది. వేదిక మీద హత్సుయె పేరు చెబుతానంటే ఆవిడ మండిపడింది. చెప్పావంటే నాకు రేపు పని పోతుంది పిచ్చిదానా, కూరలో ఉప్పు ఉండాలి కానీ కంటికి కనిపించకూడదు, అంది. అదీ ఉప్పు మాట. గుర్తొచ్చింది. చారు గిన్నె కింద పెట్టింది. ఒదీల్ వేదిక మీద రెండే ముక్కలు మాట్లాడింది, తన గొంతుతో. హాల్లో ఒక చిన్న కదలిక. నవ్వు కాదు. నవ్వు అయితే నయం. బొమ్మ పగిలినప్పుడు పిల్లలు చేసే చప్పుడు. ఆ చప్పుడు ఇన్నేళ్ళు ఆమె చెవిలో ఉండిపోయింది. ఇప్పుడు కూడా, ఈ రాతికట్ట మీద, అలల చప్పుడు కింద అదే వినిపిస్తోంది.

గాలి దిశ మారినట్టుంది. కాయితం కప్పు ఒకటి దొర్లుకుంటూ పోయి నీళ్ళలో పడింది. కుగా పరిగెత్తి, వంగి, అందక తిరిగొచ్చాడు. మబ్బు అంచు కాస్త తెల్లబడిందా? లేదు. ముప్పై దాటాక ఆమెకు దయ్యం వేషాలిచ్చారు, నలభై దాటాక దయ్యం తల్లి వేషాలు, ఆ తర్వాత ఏమీ ఇవ్వలేదు. దయ్యాలక్కూడా వయసైపోతుందని అప్పుడే తెలిసింది. అప్పుడు కెమెరా వెనక్కి నడిచింది. మొదటి సినిమా నాంత్ రేవులోనే తీసింది, ఓడలు విరగ్గొట్టే పనివాళ్ళ మీద. ఇది ఏ దేశం సినిమా అని అక్కడ అడిగారు, ఇక్కడా అడిగారు. కెమెరా వెనక ఆమెకు హాయిగా ఉండేది. డైరెక్టరు ఏం మాట్లాడినా ఎవరూ నవ్వరు, పైగా డైరెక్టరు పెద్దగా మాట్లాడనక్కర్లేదు, బాగుంది అంటే చాలు, ఇంకోసారి అంటే చాలు. ఆ రెండు మాటలూ ఆమె తప్పు లేకుండా పలకగలదు. వాటి వెనక ఇరవై ఏళ్ళు దాక్కుంది. ఇంటర్వ్యూలంటే రాసి పంపేది. టీవీకి రమ్మంటే జలుబు అనేది. జలుబు మనిషి అని పేరు కూడా పడింది.

ఆసుపత్రికి వెళ్ళిన రోజు, కట్టు విప్పని మెడతో మంచం మీద కూర్చున్న హత్సుయె అక్కను చూడగానే, ఒదీల్ నోట్లోంచి తానే ఊహించని మాట వచ్చింది. నా సినిమాలో వెయ్యి అక్కా, తల్లి వేషం, నీ ముఖం కావాలి, అంది. ఎందుకన్నదో. జాలి అనుకుందేమో ఆవిడ. కళ్ళతోనే అంత పొడుగున తిట్టింది. తర్వాత ఒదీల్ చెయ్యి లాక్కుని అరచేతిలో వేలితో రాసింది. ఇక్కడి వాళ్ళు మాట తెలియకపోతే అలా అరచేతిలో రాసి చూపిస్తారు, అమ్మ కూడా రాసేది, నాంత్ బజారులో, ఎవరికీ అర్థం కాకపోయినా. ఒదీల్‌కు అక్షరాలు నెమ్మదిగా తెలుస్తాయి, రెండోసారి రాయించుకుంది. గొంతు నువ్వు పెట్టు. అదీ రాసింది. నీ గొంతు నాకు పెట్టు, అప్పుడు వేస్తాను.

ఒదీల్ సరే అంది. ఆసుపత్రిలో ఎవరు కాదంటారు? ఆ సరే ఇన్ని నెలలుగా పంటి కింద రాయిలా ఉంది. నిర్మాత మకిహారా టోక్యోలో ఒక పిల్లను చూసి ఉంచాడు. ఇరవై ఆరేళ్ళు, ఎంత ముసలి గొంతైనా తీస్తుందట, ఏ యాసైనా పలుకుతుందట, అచ్చం ఈ రేవు మాట కూడా. ఒకే ఒక్క వాక్యం కదా ఒదీల్ గారూ, ఒక పూట పని, అన్నాడు. ఒకే ఒక్క వాక్యం. సినిమా మొత్తంలో తల్లికున్నది అదొక్కటే. ఇంత ఆలస్యమా, అన్నం చల్లారిపోయింది. ఎంత మామూలు మాట! మామూలు మాట కాబట్టే భయం. గొప్ప మాట అయితే యాస దాగుతుంది. అన్నం చల్లారిందన్న మాట ఈ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళో చచ్చే మనిషి నోటి నుంచి రావాలి. పరాయి గాలి సోకితే అక్కడే పగులుతుంది. హాల్లో మళ్ళీ ఆ చప్పుడు వస్తుంది. ఈసారి తన ముఖం మీద కాదు, హత్సుయె ముఖం మీద వస్తుంది. ఒకే ఒక్కసారి ముఖం చూపించిన మనిషి మీద. నేను పాడు చేస్తాను. ఆవిడ నా ముఖానికి అన్నేళ్ళు గొంతిచ్చి నిలబెట్టింది, నేను ఒక్క వాక్యంతో ఆవిడను నవ్వులపాలు చేస్తాను.

అందుకే ఇవాళ పొద్దున అంది, అక్కా, వీపు చూపిద్దాం, ఇంకా బాగుంటుంది, నిజంగా చెబుతున్నా, అని. హత్సుయె అక్క వేషం వేసుకుంటోంది అప్పుడు. అద్దంలోంచి చూసింది. లేచి వచ్చింది. ఒదీల్ చెయ్యి పట్టుకుని గోరు దిగేలా రాసింది. ఈసారి రెండోసారి రాయించుకోనక్కర్లేకపోయింది. నా నోరు నొక్కకు. అంతే రాసి, వెళ్ళి, మళ్ళీ పౌడరు అద్దుకుంది. ఆ గోటి గీత ఇంకా అరచేతిలో ఎర్రగా ఉంది, లేదా చారు గిన్నె వేడికి ఎర్రబడిందేమో. నోరు నొక్కడం. అవును, అదే కదా. అందమైన వీపు, గొప్ప మౌనం అని పేరు పెడుతున్నాను కానీ చేస్తున్నది అదే. క్యోతోలో నా నోరు నొక్కారని దెబ్బలాటకు పోయినదాన్ని నేనే.

"డైరెక్టరు గారూ, ముఖమా, వీపా? లెన్సు మార్చాలంటే ఇప్పుడే మార్చుకోవాలి. ఎండ వచ్చాక సమయం ఉండదు," అన్నాడు ఒగిసో గారు. ఆయన నల్లద్దం దించి ఆమె వైపే చూస్తున్నాడు. కుగా కూడా చూస్తున్నాడు. మైకు కర్ర భుజాన వేసుకుని సౌండు నేజు కొంచెం దూరంగా నిలబడ్డాడు. అతనికి పెద్దగా పని లేదు ఇవాళ, అలల చప్పుడు, పడవ చప్పుడు పట్టుకుంటే చాలు. చెబుతాను, అని ఒదీల్ లేచింది. కుంపటి దగ్గరకు నడిచింది. చేపల సంఘం ఆడవాళ్ళు హత్సుయె చుట్టూ చేరి ఉన్నారు. పొద్దున గర్వం అనుకున్నందుకు సిగ్గుపడి కాబోలు, తొమె ఆవిడ గిన్నెలో రెండోసారి చారు పోస్తోంది. ఒదీల్ పక్కన గొంతుక్కూర్చుంది.

"అక్కా. నా గొంతు పెడితే జనం నవ్వుతారు. నన్ను చూసి కాదు, నిన్ను చూసి నవ్వుతారు. నీకు తెలియదు, నేను విన్నాను ఆ చప్పుడు."

హత్సుయె అక్క గిన్నెలోని ఆఖరి చేపముక్కను నింపాదిగా నమిలి మింగింది. తర్వాత పెదవులు కదిపింది. శబ్దం లేదు, మెడ దగ్గర రుమాలు మాత్రం కొద్దిగా ఉబ్బి తగ్గింది. చుట్టూ ఉన్నవాళ్ళు వంగి చూశారు.

"ఏమంటోందమ్మా?" అంది తొమె.

"నవ్వితే నవ్వనీ, నాకిప్పుడు పెళ్ళి సంబంధాలు చెడిపోతాయా, అంటోంది," అంది ఒదీల్, ఆ పెదవులు చదివి.

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. తొమె గరిటెతో తొడ చరుచుకుంది. హత్సుయె పెదవులు మళ్ళీ కదిలాయి. ఒదీల్ కళ్ళు వాటి మీదే ఉన్నాయి, మాట దానంతటదే వచ్చింది.

"చెడిపోయినా ఫరవాలేదు, ఈవిడ మొగుడు ఖాళీగానే కూర్చున్నాడట కదా, అంటోంది."

"తీసుకుపోమ్మా తల్లీ! పడవతో సహా తీసుకుపో!"

తొమె నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ హత్సుయె భుజం పట్టుకుంది. ఈ గోలలో హత్సుయె ఒక్కతే నవ్వలేదు. ఒదీల్ వైపు చూస్తోంది. ఏమిటలా చూస్తోంది? అప్పుడు ఒదీల్‌కు తట్టింది. వాళ్ళు నవ్వింది హత్సుయె వేళాకోళానికి. నవ్వాల్సిన చోట నవ్వారు. ఆ మాట వాళ్ళ చెవిలోకి వచ్చింది తన నోట్లోంచి, తన గరగరల ర తోనే, తన తొమ్మిదేళ్ళ పిల్ల భాషలోనే, అయినా తొమె జవాబు చెప్పింది ఎవరికి? హత్సుయెకు. హత్సుయె ముఖం చూస్తూ చెప్పింది. గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడ చూసుకోనే లేదు. దూరంగా నేజు, పని లేని మనిషి, చెవులకున్న హెడ్‌ఫోన్ గిన్నెల్లో ఒకటి పక్కకు తీసి ఇటే వింటున్నాడు.

చలి తగ్గినట్టుంది. తగ్గడం కాదు, నేల మీద ఏదో మారింది. రాళ్ళకు నీడలు వచ్చాయి. ముందు పల్చగా, తర్వాత గట్టిగా. కొండకొమ్ము మీద మబ్బు చిరిగిన గుడ్డలా రెండు పక్కలకూ పోతోంది. ఒగిసో గారు అరిచాడు, వస్తోంది, వస్తోంది, ముఖమా వీపా! కుగా చేతిలోని గిన్నె ఎవరికో ఇచ్చేసి పరిగెత్తాడు. హత్సుయె అక్క లేచి, కప్పుకున్న కోటు పెట్టె మీద పడేసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రాతికట్ట మీదకు నడవసాగింది. మెల్లగా, కానీ ఆగకుండా. ఒదీల్ ఆ వీపు చూసింది. అందంగా ఉంది. నిజంగానే చాలా అందంగా ఉంది. ఆ అందం మీద ఆమెకు ఒక్క క్షణం ఆశ పుట్టింది, తర్వాత సిగ్గు పుట్టింది.

"ముఖం," అంది.

"గట్టిగా చెప్పండి డైరెక్టరు గారూ!"

"ముఖం! ఆవిడ ఇటు తిరిగి మాట్లాడుతుంది. దగ్గరగా పట్టండి, పెదవులు కనబడాలి."

లెన్సు మారింది. రేవు నోట్లోంచి పడవ బయల్దేరింది. సముద్రం మీద ఎండ పరుచుకుని కట్ట చివరి దాకా వచ్చింది, వచ్చి హత్సుయె పాదాల దగ్గర ఆగి, పైకి పాకింది. డెబ్భై తొమ్మిదేళ్ళ ముఖం మీద మొదటిసారి సినిమా వెలుగు పడింది. ఎన్ని గీతలు! ఇన్నేళ్ళూ చీకటి గదిలో ఒదీల్ కోసం ముఖం చిట్లించిన గీతలు కాబోలు ఇవి. ఏడవని ఏడుపులు, నవ్వని నవ్వులు అన్నీ ఇక్కడ దాచుకుందన్నమాట. ఒదీల్ కెమెరా పక్కకు వెళ్ళి నిలబడింది. కెమెరా తిరుగుతోంది అన్న మాట వినబడింది. హత్సుయె పడవ వైపు చూసి ఇటు తిరిగింది, కూతురి చోట ఉన్న కెమెరా వైపు, అంటే తన వైపు. రెప్ప వాలలేదు. తర్వాత పెదవులు తెరుచుకున్నాయి. గొంతు తర్వాత పెట్టవచ్చు, స్టూడియోలో, కంబళ్ళ గదిలో, ఎన్నిసార్లయినా, ఎవరూ చూడకుండా. ఒదీల్‌కు అది తెలుసు. కానీ ఆ పెదవులు ఎదురుగా ఖాళీగా కదలడం ఆమె ఓర్చుకోలేకపోయింది.

"ఇంత ఆలస్యమా," అంది ఒదీల్, అందరి ముందూ, పైకి. "అన్నం చల్లారిపోయింది."

గొంతు జీరపోయింది. ర గరగరమంది. పొడుగ్గా పలకాల్సింది పొట్టిగా పడింది. నేజు కంగారు పడలేదు. మొదటి మాట దగ్గరే మైకు కర్రను పడవ వైపు నుంచి తిప్పి ఒదీల్ తల మీదికి తెచ్చి పట్టుకున్నాడు. కట్ట మీద ఎవరూ కదల్లేదు. తొమె గరిటె పట్టుకుని అలాగే నిలబడి, పడవ వైపు చూస్తోంది, నిజంగానే ఎవరో ఆలస్యంగా వస్తున్నట్టు. ఒదీల్ ఆ చప్పుడు కోసం చెవి పెట్టింది. ఆ పాత చప్పుడు కోసం. అలలు కట్టకు కొట్టుకుంటున్నాయి. ఇంకేం లేదు.

కట్ అని ఆమె అన్నదో, కుగా అన్నాడో తెలియదు. కెమెరా ఆగింది.

"బాగుందా డైరెక్టరు గారూ?" అన్నాడు కుగా, చాలా మెల్లగా.

ఒదీల్ హత్సుయె పెదవులనే తలుచుకుంటోంది. అవి ఎప్పుడు తెరుచుకున్నాయి, తాను ఎప్పుడు అందుకుంది.

"ఆవిడది బాగుంది. నేనే వెనకబడ్డాను," అంది. "ఆవిడ మొదలుపెట్టాక ఒక ఊపిరి ఆలస్యంగా అందుకున్నాను. ఎండ ఉండగానే ఇంకోసారి తీద్దాం. నేజు గారూ, మైకు నా దగ్గరే ఉంచండి."